ఎండసీమలో నిదాన యాత్ర

యాత్ర అంటే గమ్యం చేరడమే అయితే, అందరికంటె ముందు చేరినవాడే గొప్ప యాత్రికుడు కావలెను. మన సాహిత్యం అట్టివానిని ఎన్నడూ లెక్కపెట్టలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చినాడు. పల్లకిలో, పరివారంతో, పదునైదు మాసాలకు మించిన ప్రయాణం అది. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ నేటికీ చదివిస్తున్నదంటే, మజిలీ మజిలీకీ దారి ఎట్లున్నది, నీటి వసతి ఏమిటి, సరుకులు దొరుకుతాయా అని ఆయన శ్రద్ధగా వ్రాసుకొన్నందువల్లనే. కాలినడక వేగంతో సాగేవానికి ఆ విచారణ తప్పదు.

వీరాస్వామయ్య కడప మీదుగా ఉత్తరానికి సాగిపోయినాడు. కడపకు పడమటనున్న అనంతపురం పీఠభూమిలో నీటి విచారణ మరింత కఠినమైనది. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య మేఘం తూర్పు తీరాన కురిసి, ఇక్కడికి చేరేసరికి వట్టిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ నమ్మరాని వాన. 2022లో జిల్లా రెండైనను ఈ నేల రాత మారలేదు.

నేటి యాత్రికుడు విమానంలో బెంగుళూరు దగ్గరి దేవనహళ్ళిలో దిగి, కారులో లేపాక్షికి వచ్చి, ఏకశిలా నందినీ నేలకానని స్తంభాన్నీ చూచి, పొద్దుగూకేలోగా మరలిపోగలడు. శిల్పం చూచినాడు, సందేహం లేదు, సీమను చూడలేదు. పైగా, మానవులు గాలిలోకి వదలే బొగ్గుపులుసు వాయువులో సుమారు నూటికి రెండున్నర పాళ్ళు విమానాలదే. వాతావరణం గతి తప్పితే ముందుగా దెబ్బతినేది వాననే నమ్ముకొన్న వేరుశనగ రైతు. అతడు బహుశా విమానమెక్కి ఎరుగడు. ఈ అన్యాయాన్ని గుర్తించినవారు ఇతర దేశాలలోనూ ఉన్నారు. విమానమెక్కడానికి సిగ్గుపడడమనే అర్థంలో స్వీడనులో ఒక మాటే పుట్టింది. ఆ దేశపు బాలిక గ్రెటా థున్‌బెర్గ్ 2019లో తెరచాప పడవపై అట్లాంటిక్ దాటి న్యూయార్కు చేరింది.

మనకు అంతటి సాహసం అక్కరలేదు, రైలున్నది. గుత్తి, అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే దారిలో వస్తాయి. గుత్తిలో దిగినవారు కోట ఎక్కి, కొండమీద వాననీటిని నిలుపుకొన్న దొనలను, బావులను చూడవలెను. దత్తమండలాలను పాలించిన మన్రో 1827లో పత్తికొండలో కలరాతో మరణించగా, మొదట పూడ్చినది ఈ గుత్తిలోనే. అనంతపురానికి ఆ పేరు అనంతసాగరమనే చెరువు వల్ల వచ్చినదని చెబుతారు. దాని పొరుగుననే బుక్కరాయసముద్రం. కడలికి ఇంత దూరాన చెరువుకు సాగరమనీ సముద్రమనీ పేరుపెట్టినవారికి నీటి విలువ ఎంతగా తెలియవలెను! పొరుగున పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన 1369 నాటి శాసనం మంచి చెరువుకు పండ్రెండు అంగాలు ఉండవలెనని చెబుతుంది. 1565 తరువాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండ చూచి, హిందూపురంలో దిగి, బస్సులో లేపాక్షి చేరితే, ఆ నంది ఏ నేలమీద కూర్చున్నదో అప్పుడు తెలుస్తుంది.

ఉపాధ్యాయులు విద్యార్థులను ఇట్టి యాత్రకు తీసుకొనిపోవలెను. వేసవిలో ఊరివారికే నీరు చాలదు గనుక, వానలు వెనుకబడిన తరువాత కార్తిక మార్గశిరాలలో వెళ్ళడం మర్యాద. ఎవరి చెంబు వారు తెచ్చుకొని, కొన్నీళ్ళ సీసాలను చెరువుగట్టున పారవేయకుండ ఉండవలెను. రాగిసంకటి ఊళ్ళోనే తిని, నేతచీర ధర్మవరం మగ్గం దగ్గరనే కొంటే, రూకలు ఆ సీమలోనే నిలుస్తాయి. దిగిన ప్రతిచోటా ‘ఈ నీరు ఎక్కడిది?’ అని విద్యార్థి అడిగి వ్రాసుకొంటే, అదే అతని యాత్రాచరిత్ర.

విమానమెక్కే ప్రతివానినీ నిందించడం తగదు. పొట్టకూటికై గల్ఫు దేశాలకు పోయేవానికి వేరు దారి లేదు. నిదానంగా పోయే ప్రతి ప్రయాణమూ వేడుక కాదనీ గ్రహించవలెను. వాన తప్పిన ఏట ఇంటికి తాళంవేసి, ముసలివారిని ఊళ్ళో విడిచి, బెంగుళూరుకు కూలికి పోయే కుటుంబాలూ ఈ రైలులోనే మూటలతో కూర్చుంటాయి. వారి పక్కన చోటు చేసుకొని, ఏ ఊరు, ఎన్నెకరాలు, బావి ఏనాడు ఎండినది అని విన్న విద్యార్థికి కరువును గూర్చి పాఠం వేరే చెప్పనక్కరలేదు.