రాజధానిలో మన సొత్తు

మచిలీపట్నంలో, అంటే మన బందరులో, రాబర్ట్‌సన్‌పేట అంటే తెలియనివారు ఉండరు. ఆ పేట వెనక అమరావతి స్తూపం కథ ఒకటి ఉందన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. 19వ శతాబ్దం తొలి సగంలో ఇక్కడ కలెక్టరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ రాబర్ట్‌సన్, తాను కట్టిస్తున్న కొత్త పేటకు అందం తేవాలని అమరావతి నుంచి చెక్కడపు పలకలు ముప్పైకి పైగా తెప్పించి, దిబ్బ ఒకటి కట్టించి అక్కడ నిలబెట్టించాడు. 1830ల్లో మద్రాసు గవర్నరు ఫ్రెడరిక్ ఆడమ్ బందరు వచ్చి వాటిని చూసి, మద్రాసుకు పంపించమన్నాడు. వెంటనే ఎవరూ పంపలేదు. 1851లో మద్రాసు మ్యూజియం ఏర్పడి, దాని బాధ్యత చూసిన ఎడ్వర్డ్ బాల్ఫర్ చొరవ తీసుకున్నాకే అవి ఎగ్మూరులోని ఆ మ్యూజియానికి చేరాయి. అంటే మద్రాసులో మ్యూజియమన్నదే లేని రోజుల్లో, టిక్కెట్టూ కాపలాదారూ లేకుండా, సంతకొచ్చినవాళ్లు కూడా అమరావతి శిల్పాన్ని దగ్గర నుంచి చూడగలిగిన ఊరు బందరు.

ఆ కథను తలుచుకుని బాధపడి ఊరుకుంటే లాభం లేదు. కళ అధికారం ఉన్నచోటికి పోతుంది, రాజధాని మారినప్పుడల్లా దాని చిరునామా మారుతుంది. కృష్ణా డెల్టా దిగువ ప్రాంతమే ఇందుకు గట్టి సాక్ష్యం. ఘంటసాలలో పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రీ తవ్వి తీసిన స్తూపం ఊళ్లోనే ఉన్నా, ఆ ఊరి శిల్పాలు కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియానికి చేరాయి. ఒండ్రుమట్టి తప్ప రాయన్నది పుట్టని నేల ఇది. ఇక్కడివాళ్లు సున్నపురాయిని ఎగువ నుంచి తెప్పించుకుని మరీ చెక్కించారు. అంత కష్టపడి నిలబెట్టుకున్న రాయి చివరికి ఫ్రాన్సు రాజధానిలో తేలింది. ఈ తీరంలో అద్దిన బట్టలేమో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం (వీఅండ్‌ఏ)లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో, టొరంటోలోని రాయల్ ఆంటారియో మ్యూజియంలో ఉన్నాయి. కాబట్టి రాజధానికి వెళ్లిన డెల్టా మనిషి మ్యూజియంలో అడుగుపెట్టడమంటే ఎవరి గొప్పనో చూసి రావడం కాదు, తన ఇంటి సామాను ఎక్కడుందో చూసుకోవడం. అలా చూసుకోవాలంటే మాత్రం మ్యూజియం సందర్శన రాజధానిలో కాదు, కలంకారీ అద్దే పెడనలోనూ, ఘంటసాలలోనూ మొదలుకావాలి. నా వాదనంతా ఇదే.

కలంకారీ సంగతే తీసుకోండి. పెడనలో బట్టను ముందు ఉడికించి ఉతుకుతారు. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన ద్రావకంతో నల్లగీతల అచ్చు వేస్తారు. కరక్కాయ పట్టిన బట్ట మీద అది తగలగానే నల్లబడుతుంది. ఎరుపు అంత తొందరగా బయటపడదు. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్దుతారు, అద్దినప్పుడు అక్కడ ఎరుపన్నదే ఉండదు. పారే కాలవలో బట్టను జాడించి, కాగులో రంగుచెక్కతో పాటు మరిగిస్తే పటిక ఉన్న చోటల్లా ఎరుపు పట్టుకుంటుంది, లేని చోట పట్టు దొరక్క తర్వాతి ఉతుకుల్లో వదిలిపోతుంది. రంగును బట్ట మీద పులమడం కాదు ఇది, రంగు ఎక్కడ నిలవాలో బట్టకు ముందే నేర్పిపెట్టడం. పాతకాలంలో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. గవ్వలూ ఆల్చిప్పలూ కలిసిన ఈ తీరపు ఇసుకనేలలో పెరిగిన వేరుకు ఎంత పేరంటే, 17వ శతాబ్దం తొలి ఏళ్లలోనే డచ్చివాళ్లు, వాళ్ల వెనకే 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో వ్యాపార స్థావరాలు తెరిచారు. ఇక్కడి నుంచీ తక్కిన భారతదేశం నుంచీ వెళ్లిన అద్దకం బట్టలు అక్కడి నేతగాళ్ల పొట్టకొడుతున్నాయని ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోనూ మళ్లీ 1721లోనూ చట్టాలు చేసి మరీ అడ్డుకున్నాయి.

ఈ పని చూసినవాళ్లు లండన్‌లో 300 ఏళ్లనాటి బట్ట ముందు నిలబడితే అడిగే ప్రశ్నలే వేరు. ఈ గీత అచ్చుదా, కలంతో గీసిందా? అచ్చయితే ఒకే పువ్వు తిరిగి వచ్చినప్పుడు అతుకు దొరుకుతుంది. చేత్తో గీసిందయితే ఒక ఆకుకీ ఇంకో ఆకుకీ కొద్దిపాటి తేడా ఉండి తీరుతుంది. ఎర్రటి నేల మధ్య వెంట్రుకంత తెల్లగీత ఎలా మిగిలింది? అక్కడ మైనం గీసి, పటిక తగలకుండా కాచారు. ఆకుపచ్చలు ఇప్పుడు నీలంగా ఎందుకు కనిపిస్తున్నాయి? నీలిమందు మీద వేసిన పసుపు వెలుతురుకు తట్టుకోలేక ఎగిరిపోయింది. ఇవి పెద్ద చదువులతో వచ్చే ప్రశ్నలు కావు. పెడనలో ఒక పూట అద్దకం షెడ్డులో నిలబడితే వచ్చేవి. మ్యూజియాలు చదువుకున్న పెద్దలకే గానీ మనకెందుకన్న మాట ఇక్కడే వీగిపోతుంది. ఏ పనితనం ముందైనా ఆ పని తెలిసినవాడే అసలైన ప్రేక్షకుడు.

రాతి విషయంలోనూ అంతే. ఎగ్మూరు మ్యూజియంలో నలగిరి ఏనుగు కథ చెక్కిన అమరావతి గుండ్రటి ఫలకం ఒకటి ఉంది. చాలామంది దాన్ని అర నిమిషంలో దాటేస్తారు. ఎడమవైపు మదమెక్కిన ఏనుగు వీధిలో పడి మనుషుల్ని తొక్కుతోంది, ఒకణ్ని తొండంతో పట్టి విసురుతోంది. భయపడిన స్త్రీ ఒకతె పక్కనున్న మనిషిని కరుచుకుంది. మేడ కిటికీల్లోంచి జనం వంగి చూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లింది. ఒకే వీధి, ఒకే ఏనుగు, రెండు క్షణాలు, మధ్యలో గోడగానీ గీతగానీ లేదు. చూసే కన్నే కాలాన్ని ఎడమ నుంచి కుడికి నడిపించాలి. అందుకు కనీసం పది నిమిషాలు ఆగాలి. మనవాళ్లు హైదరాబాదు వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియం తప్పకుండా చూస్తారు. గంట కొట్టే గడియారం బొమ్మ కోసం మూగుతారు, ముసుగు రెబెక్కా ముందు ఫోటో దిగాలనుకుంటారు, తక్కిన గదులన్నీ పరుగున చుట్టేస్తారు. ఆ గడియారం పట్ల పిల్లల సంబరాన్ని నేను తక్కువ చేయను. కానీ నలభై గదులు నడిచి కాళ్లు పీకిన మనిషికి గుర్తుండేది కాళ్లనొప్పే. నాలుగు వస్తువుల కోసం వెళ్లి, ఆ నాలుగూ చూసి వచ్చినా చాలు.

ఫోన్లోనే అన్నీ కనిపిస్తుంటే అంత దూరం పోవడం దేనికని అడగొచ్చు. మ్యూజియాలు ఇంటర్నెట్లో పెట్టిన ఫోటోలు నిజంగా గొప్ప మేలు, వెళ్లేముందు చూసుకోవడానికి వాటిని మించినవి లేవు. అయితే ఫోటోలో పెద్ద పరదా, చేతిరుమాలు ఒకే అంగుళాల్లో ఒదుగుతాయి. రాతి లోతును కెమెరా కోసం వేసిన దీపం నిర్ణయిస్తుంది. పక్కకు జరిగి చూసినప్పుడు ముందున్న మనిషి వెనక ఇంకో ముఖం బయటపడే అనుభవం తెరమీద దొరకదు.

దీనికన్నా బరువైన ప్రశ్న ఇంకొకటుంది. మన వస్తువుల్ని మనకు తిరిగివ్వమనాలి గానీ వాళ్ల దగ్గరకు వెళ్లి చూడటమేమిటని. అడగాల్సిందే. వాళ్లు తీసుకెళ్లబట్టే బతికాయి, 1864 ఉప్పెనలో బందరు ఏమైపోయిందో, 1977 నవంబరులో దివిసీమ ఏమైపోయిందో చూడలేదా అన్న జవాబు వింటుంటాం. ఉప్పెనల మాట కాదనలేం. 1864లో ఒక్క రాత్రిలో వేలమందిని పొట్టన పెట్టుకున్న నీళ్లు బట్టల పెట్టెల్ని వదిలిపెట్టి ఉండవు. కానీ లండన్ మాత్రం కంటికి రెప్పలా కాచిందా? కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన అమరావతి పలకలు ఏళ్ల తరబడి మద్రాసులో పడి ఉండి, 1859లో ఓడెక్కాయి. 1867లో వాస్తుకళా చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వెతికి పట్టుకునేసరికి అవి లండన్‌లో బగ్గీలు పెట్టే కొట్టంలో ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం చేరింది 1880లో. ఇవాళ గాజుతలుపుల గదిలో భద్రంగా ఉన్నాయి, నిజమే. ఆ భద్రత మొదటినుంచీ ఉన్నది మాత్రం కాదు. అయినా తిరిగివ్వమనే వాదనకూ వెళ్లి చూడటానికీ వైరం లేదు. తాను ఎన్నడూ చూడని వస్తువు కోసం అడిగేవాడి గొంతులో బలం ఉండదు. ఏ పలక ఎక్కడిదో, ఏ స్థితిలో ఉందో, దాని కింద ఏమి రాశారో చూసొచ్చినవాళ్లు పదివేలమంది ఉంటే ఆ అడగడమే వేరుగా ఉంటుంది.

వెళ్లేవాళ్లకు ఒక మెలకువ. బట్టలు రాళ్లలా ఏడాది పొడవునా ప్రదర్శనలో ఉండవు. వెలుతురుకు రంగు పోతుంది కాబట్టి కొన్నాళ్లు చూపించి, మళ్లీ ఏళ్లపాటు చీకటి గదిలో పెడతారు. అక్కడిదాకా వెళ్లాక లేదనిపించుకోకుండా ముందే కనుక్కోవాలి. లండన్‌లో 2025లో తెరిచిన వీఅండ్‌ఏ ఈస్ట్ స్టోర్‌హౌస్‌లో ముందుగా కోరుకుంటే గోదాములో ఉన్న వస్తువునే బయటికి తెచ్చి చూపిస్తారు. సామాన్యుడైనా అడగొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ స్థిరపడిన గుడివాడ, అవనిగడ్డ పిల్లలు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని లండన్ ఐ ఎక్కించిన మర్నాడు ఈ పని పెట్టుకోవచ్చు. తల్లి కట్టిన కలంకారీ చీరా, అక్కడ బల్ల మీద పరిచిన బట్టా ఒకే తీరానివని పిల్లలకు వేరే చెప్పాల్సిన పని ఉండదు.

అంత ఖర్చు ఎవరు భరిస్తారన్నది ఈ ప్రాంతపు బడుల విషయంలో న్యాయమైన అభ్యంతరమే. అందుకే మొదటి మజిలీ రాజధాని కాకూడదంటాను. బందరు నుంచి ఘంటసాల ఇరవై కిలోమీటర్ల చిల్లర, పెడన ఇంకా దగ్గర. పొద్దున పెడన అద్దకం షెడ్డూ, మధ్యాహ్నం ఘంటసాల స్తూపం, వీలైతే ఇంకో రోజు విజయవాడ బాపు మ్యూజియం. ఎగ్మూరుకు పదో తరగతిలో ఒక్కసారి తీసుకెళ్లగలిగినా, అప్పటికి ఆ పిల్లలకు పటిక ఏం చేస్తుందో, ఈ రాయి ఎంత దూరం నుంచి వచ్చిందో తెలిసి ఉంటుంది. రాబర్ట్‌సన్‌పేటలో ఒకప్పుడు నిలబడిన పలకలు ఇందులో ఏవండీ అని గ్యాలరీలో ఉన్నవాళ్లను వాళ్లే అడుగుతారు.