ఉప్పల్ ఫ్లాట్‌లో సముద్రపు గడ్డి పెరుగుతుందా? ముందు ఈ లెక్క చూసుకోండి

ఉప్పల్, నాచారం వాళ్లు సముద్రం చూడాలంటే దాదాపు 300 కిలోమీటర్లు వెళ్లాలి. అందుకే ఇంట్లోనే ఉప్పునీటి తొట్టి పెట్టి, పగడాలు, రంగు చేపలతో చిన్న సముద్రం తయారు చేసుకోవాలని కొందరికి ముచ్చట. దీన్నే రీఫ్ ట్యాంక్ అంటారు. అందులో సముద్రపు గడ్డి, అంటే సీగ్రాస్ కూడా పెంచొచ్చా? పెంచొచ్చు. కానీ ఒక మూలన గుచ్చి వదిలేస్తే బతకదు. దాని అవసరాలు, ఖర్చు, చట్టం సంగతి ముందే తెలుసుకుని దిగాలి.

నాచు కాదు, పూలు పూసే మొక్క

చాలామంది దీన్ని నాచు అనుకుంటారు. నాచుకు నిజమైన వేర్లుండవు, తిండి నీళ్లలోంచే తీసుకుంటుంది. సముద్రపు గడ్డికి వేరు, కాండం, ఆకు, పువ్వు అన్నీ ఉంటాయి. గట్టు మీద గరిక పాకినట్టే ఇది ఇసుక కింద కాండం పాకిస్తూ కణుపు కణుపుకూ వేర్లేస్తుంది. మన దేశంలో పాక్ బే, మన్నార్ గల్ఫ్, లక్షద్వీప్, అండమాన్, ఒడిశాలోని చిలికా సరస్సులో ఇది పెరుగుతుంది.

ఇంటి తొట్టికి చిన్న రకాలే నయం. హాలోఫిలా ఒవాలిస్‌కు చిన్న కోలాకారపు ఆకులుంటాయి. హాలోడ్యూల్ ఆకులు సన్నగా ఉంటాయి. ఎన్హాలస్ ఆకులు మీటరు దాకా పెరుగుతాయి కాబట్టి ఫ్లాట్‌లో దాని జోలికి పోకపోవడమే మంచిది.

పగడానికి మేలు, గడ్డికి ఆకలి

రీఫ్ ట్యాంక్ పెట్టేవాళ్లు నీళ్లు శుభ్రంగా ఉండాలని స్కిమ్మర్ నడిపి నైట్రేట్, ఫాస్ఫేట్లను సున్నా దగ్గరికి తెస్తారు. సముద్రపు గడ్డికి అవే ఎరువు. అవి పూర్తిగా పోతే ఆకులు పసుపెక్కి రాలిపోతాయి. ఐరన్ కూడా కావాలి.

రీఫ్ ట్యాంకుల్లో ఇసుక పలచగా ఉంటుంది, కొందరు అసలే వేయరు. గడ్డికి మాత్రం 10 నుంచి 15 సెంటీమీటర్ల మందాన సన్నటి ఇసుక పరచాలి. అందులో బాక్టీరియా, చిన్న పురుగులు స్థిరపడటానికి కొన్ని నెలలు ఆగాలి. తొందరపడితే అడుగున హైడ్రోజన్ సల్ఫైడ్ చేరి, కుళ్లిన గుడ్డు వాసన వచ్చి వేర్లు చచ్చిపోతాయి. నాటిన కొత్తలో పాత ఆకులు రాలడం మామూలే. కాండం గట్టిగా ఉంటే పీకేయకుండా కొన్ని వారాలు చూడాలి. ట్యాంగ్, రాబిట్ ఫిష్ లాంటి చేపలుంటే లేత ఆకులు మిగలవు. అందుకే గడ్డికి వేరే తొట్టి పెట్టుకోవడమే మేలు.

నీళ్లు, బరువు, కరెంటు

బకెట్ల మీద తెల్లచారలు మిగిల్చే బోరు నీళ్లు దీనికి పనికిరావు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వంటింటి ఫిల్టర్లలో చాలావాటికి ఖనిజాలు తిరిగి కలిపే ఏర్పాటుంటుంది. అందుకే ఆర్వో, డీఐ రెండూ దాటిన నీళ్లే వాడాలి. లీటరుకు సుమారు 35 గ్రాముల మెరైన్ సాల్ట్ కలపాలి. అంటే 200 లీటర్లకు 7 కిలోలు. వంట ఉప్పు వేయొద్దు, అందులో కాల్షియం, మెగ్నీషియం సరిపడా ఉండవు. నీళ్లు ఆవిరైతే ఉప్పు తొట్టిలోనే ఉండిపోతుంది కాబట్టి తగ్గినమేరకు మంచినీళ్లే పోయాలి.

ఇక బరువు. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పున్న తొట్టిలో 12 సెంటీమీటర్ల ఇసుక పోస్తే ఇసుకే 70 కిలోల పైన ఉంటుంది. నీళ్లు, గాజు, స్టాండ్ కలిపితే 300 కిలోలు దాటొచ్చు. కిరాయి ఇంట్లో, అదీ పై అంతస్తులో ఉండేవాళ్లు ఓనరును అడిగి, బీమ్ మీదకు వచ్చేలా గోడ పక్కన పెట్టుకోవాలి.

నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే గడ్డికి, పగడాలకు రెండింటికీ సరిపోతుంది. మే నెలలో బయట 40 దాటినప్పుడు ఫ్యాన్‌తో కొంతే తగ్గుతుంది, మిగతాది చిల్లర్ చేయాలి. ఆ కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. కరెంటు పోతే ఆక్సిజన్ పడిపోకుండా బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గరుంచుకోవాలి.

చట్టం మాట

సముద్రంలోంచి పీకి తెచ్చిన గడ్డిని మాత్రం కొనొద్దు. 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ సీగ్రాస్ మైదానాలను అత్యంత సున్నితమైన ప్రాంతాల్లో చేర్చింది. 1986లో ఏర్పడిన మన్నార్ గల్ఫ్ మెరైన్ నేషనల్ పార్కులో అనుమతి లేకుండా మొక్క తీయడం నేరం. ఈ గడ్డినే మేసి బతికే సముద్రపు ఆవు డ్యూగాంగ్ కోసం తమిళనాడు 2022లో పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్ల రిజర్వ్ ప్రకటించింది. విదేశాల నుంచి మొక్క తెప్పించాలంటే 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం పర్మిట్, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి.

గడ్డి తొట్టి అనగానే చాలామందికి సముద్రపు గుర్రం కూడా కావాలనిపిస్తుంది. మన సముద్రాల గుర్రాలకు, పగడాలకు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. షెడ్యూల్ 1 జీవుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ‘లైవ్ రాక్’ పేరుతో అమ్మే పగడపు రాళ్ల విషయంలోనూ జాగ్రత్త.

కాబట్టి అమ్మేవాళ్లను ధర కంటే ముందు అడగాల్సినవి రెండు: మొక్క ఎక్కడ పెరిగింది? బిల్లు, పర్మిట్ కాగితాలు ఉన్నాయా? తొట్టిలోనే పెంచి, పాకిన కాండం కత్తిరించి ఇచ్చేవాళ్లు దొరికితే తీసుకోండి. అప్పటిదాకా ఇసుక పరిచి, దీపాలు సరిచూసుకుని తొట్టిని సిద్ధం చేసుకోవచ్చు. ఎలాగూ దానికి కొన్ని నెలలు పడుతుంది.