మజ్జిగలో బలం ఎంత?

మజ్జిగ పోసుకోకుండా చెయ్యి కడుక్కుంటే మనకి భోజనం ముగిసినట్టు వుండదు. కోస్తాలో 'చల్ల' అన్నా, తెలంగాణ పల్లెల్లో 'సల్ల' అన్నా ఒకటే. శామీర్‌పేట దాటి కరీంనగర్ రోడ్డు మీద అలియాబాద్ చౌరస్తాలో మే నెల మధ్యాహ్నం బస్సు కోసం నిలబడ్డవారికి గ్లాసుడు మజ్జిగ దొరికితే ప్రాణం లేచి వస్తుంది. దాహం తీరడం వరకు సరే. కాని మజ్జిగ బలమైన ఆహారమేనా? గుండెజబ్బు వున్నవారు, లావుగా వున్నవారు ఎంతైనా తాగవచ్చునా? ఆసుపత్రికి వచ్చేవారు తరచుగా అడిగే ప్రశ్నలివి.

ఏది మజ్జిగ?

మనం మజ్జిగ అని పిలిచేవి రెండు రకాలు. పెరుగును కవ్వంతో బాగా చిలికి, తేలిన వెన్న తీసివేయగా మిగిలినది మొదటిది. ఇదే అసలు మజ్జిగ. పెరుగులో నీళ్ళు పోసి గరిటెతోనో, మిక్సీలోనో గిలక్కొట్టినది రెండోది. ఇందులో నుంచి వెన్న తీయలేదు. కనుక పెరుగులోని కొవ్వంతా ఇందులోనే వుంటుంది. పల్చగా కనిపించినంత మాత్రాన కొవ్వు ఎక్కడికీ పోదు.

ఇది కేవలం మాటల తేడా కాదు. గేదెపాలలో నూరు గ్రాములకు 6 నుంచి 8 గ్రాముల వరకు కొవ్వు వుంటుంది. మీగడ తీయకుండా ఆ పాలు తోడుపెట్టి, 150 గ్రాముల పెరుగుతో మజ్జిగ చేసుకుంటే సుమారు 10 గ్రాముల కొవ్వు లోపలికి వెళుతుంది. రోజుకు మూడుసార్లు అలా తాగితే రెండు పెద్ద చెంచాల నెయ్యి తిన్నట్టే. "నెయ్యి మానేశాను డాక్టరుగారూ, ఉత్త మజ్జిగే తాగుతున్నాను" అని గుండెజబ్బు మనిషి చెబితే, ఆ మజ్జిగ ఎలా చేశారో ముందు అడగవలసి వస్తుంది.

పోషక విలువలు

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మన ఆహార పదార్థాల విలువలపై ఆ సంస్థ తయారుచేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల ఆవు పెరుగులో 3.1 గ్రాముల మాంసకృత్తులు, 4 గ్రాముల కొవ్వు, 149 మిల్లీగ్రాముల కాల్షియం వుంటాయి. 60 కాలరీల శక్తి వస్తుంది. 100 గ్రాముల మజ్జిగలో మాంసకృత్తులు 0.8 గ్రాము, కొవ్వు 1.1 గ్రాములు, కాల్షియం 30 మిల్లీగ్రాములు. శక్తి 15 కాలరీలే. మిగతాదంతా దాదాపు నీరే!

ఈ అంకెలు చూసి నిరాశపడనక్కరలేదు. వెన్నతో పాటు పోయేవి ముఖ్యంగా కొవ్వు, ఆ కొవ్వులో కరిగివుండే 'ఎ' విటమిను. మాంసకృత్తులు, కాల్షియం, భాస్వరం, 'బి' విటమినులు చాలావరకు మజ్జిగలోనే నిలుస్తాయి. శాకాహారులకు తేలికగా దొరకని బి-12 కూడా అందులో వుంటుంది. బలం తగ్గడానికి కారణం వెన్న తీయడం కాదు, నీళ్ళు పోయడం. ఒక కప్పు పెరుగును రెండు గ్లాసుల మజ్జిగ చేసి మీరొక్కరే తాగితే కప్పు పెరుగులోని బలమూ మీకే దక్కుతుంది. అదే కప్పును నీళ్ళతో పెంచి అయిదుగురికి పంచితే ఒక్కొక్కరికి అయిదో వంతే. పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని 2020లో నిర్ణయించారు. పల్చటి మజ్జిగ ఒక గ్లాసు ఇచ్చేది అందులో 60 మాత్రమే.

జీర్ణశక్తి

పాలు తాగితే కడుపు ఉబ్బరించే పెద్దవాళ్ళు మనలో చాలామంది. పాలలోని చక్కెరను అరిగించే రసం వారిలో తక్కువ. తోడులోని సూక్ష్మజీవులు ఆ చక్కెరలో కొంత భాగాన్ని ముందే ఆమ్లంగా మారుస్తాయి. అందుకే పాలు పడనివారికి కూడా మజ్జిగ పడుతుంది. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసి, 1908లో నోబెల్ బహుమతి పొందిన మెచ్నికాఫ్, పులిసిన పాలలోని సూక్ష్మజీవులు ఆయుష్షు పెంచుతాయని వాదించాడు. ఆయుష్షు మాట రుజువు కాలేదు గాని, అరుగుదలకు మంచిదన్న మాటలో నిజం వుంది. మజ్జిగ తాగితే జలుబు చేస్తుందన్నది మాత్రం అపోహ. జలుబు ఒకరినుంచి ఒకరికి అంటే వైరస్ వల్ల వస్తుంది.

ఈ జాగ్రత్తలు తప్పవు

మజ్జిగలో కలిపే నీరు కాచి చల్లార్చినదై వుండాలి. పాలను కాచి, నీటిని కాచకపోతే ఏమి ప్రయోజనం? విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు ఆ నీటితోనే వస్తాయి. బజారులో ఐసుగడ్డ వేసి ఇచ్చే మజ్జిగకు దూరంగా వుండండి.

పుల్లటి మజ్జిగను కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో నిలవ వుంచకండి. పులుపుకు ఆ లోహం మజ్జిగలో దిగుతుంది.

ఎండలో చెమటోడ్చి పనిచేసేవారు చిటికెడు ఉప్పు వేసుకోవచ్చు. రక్తపోటు వున్నవారు ఉప్పు లేకుండా అల్లం, కరివేపాకు, జీలకర్ర పొడి వేసుకుంటే రుచికి లోటుండదు. మూత్రపిండాల జబ్బు వున్నవారు ఎంత తాగవచ్చో తమ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

మజ్జిగలోని కాల్షియం ఇనుమును సరిగా ఒంటబట్టనివ్వదు. గర్భిణీ స్త్రీలు ఐరన్ మాత్రను మజ్జిగన్నంతో పాటు వేసుకోకుండా, రెండు గంటలు ఎడం పాటించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది పసిపిల్లల సంగతి. పాలు చాలడం లేదని ఏడాది నిండని బిడ్డకు పల్చని మజ్జిగ పట్టే ఇళ్ళు ఇంకా వున్నాయి. పొట్ట నిండుతుంది, బిడ్డ ఏడుపు మానుతుంది, కాని ఎదుగుదల ఆగిపోతుంది. ఏడాదిలోపు బిడ్డకు తల్లిపాలకు బదులు మజ్జిగ ఎంతమాత్రం పనికిరాదు. విరేచనాలవుతున్న బిడ్డకు ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపిన నీరే మొదటి మందు. కాస్త పెద్దపిల్లలకు దానితో పాటు మజ్జిగ ఇవ్వవచ్చు, దానికి బదులుగా కాదు.

ఎలా చేసుకోవాలి?

పాలు కాచి, పూర్తిగా చల్లారాక మీగడ తీసెయ్యండి. మళ్ళీ గోరువెచ్చగా చేసి తోడుపెట్టండి. పాకెట్ పాలు కొనేవారు డబుల్ టోన్డ్ రకం కొంటే అందులో కొవ్వు 1.5 శాతమే. ఆ పెరుగు ఒక కప్పుకు రెండు కప్పుల నీళ్ళు చాలు. కొవ్వు తగ్గించుకోవలసిన పెద్దవారికి ఇది మేలు. ఎదిగే పిల్లలకు, బక్కచిక్కినవారికి మాత్రం మీగడతో వున్న గడ్డపెరుగే పెట్టండి. ఒకే ఇంట్లో తాతగారికి మజ్జిగ, మనవడికి పెరుగు వడ్డిస్తే అది పక్షపాతం కాదు, ఆరోగ్య సూత్రం!