ఇల్లు అమ్ముతున్నమా, కట్టె అమ్ముతున్నమా?

ఈ నడుమ ఫోను దెరిస్తె చాలు, ఒక తీరు వీడియోలు వస్తున్నయి. పాతకాలపు భవంతి ఇల్లు, టేకు కంబాలు, నడి వాకిట్ల ఎండ, పెరట్ల చేదబాయి, ఎనుక ఫ్లూటు సప్పుడు. హైద్రాబాద్‌కు రెండు గంటల తొవ్వ, అమ్మకానికి ఉన్నది, ఫోన్ జేయుర్రి. కింద కామెంట్లల్ల అందరు నాయనమ్మను యాది జేస్కుంటరు. ఆ ఇల్లు మీ ఊర్లెదే కావచ్చు. మీదే కావచ్చు. మీ నాయినకు రేపో మాపో ఒక ఫోన్ రావచ్చు. అందుకే ఈ ముచ్చట జర నిమ్మలంగ మాట్లాడుకుందాం.

ముందుగాల, ఆ ఇల్లు ఎట్ల నిలవడ్డదో ఎరుకేనా? ఎర్రమన్నుల గడ్డి గలిపి, నీళ్లు వోసి, కాళ్లతోటి తొక్కి, ఒక వరుస పెట్టి ఆరినంక దాని మీద ఇంకో వరుస పెట్టేటోళ్లు. గోడ మందం మూరెడు, కొన్నిట్ల ఇంకా ఎక్కువ. పగటి ఎండ ఆ గోడకెళ్లి లోపలికి వచ్చేసరికి పొద్దుగూకుతది. పైన గూన పెంక. పెంకకు పెంకకు నడుమ సందులుంటయి కాబట్టి వేడిగాలి మీదికెళ్లి పోతది. గిప్పుడు మనం పోసుకున్న స్లాబు పగలంత కాగి, రాత్రి ఆ వేడి మన మీద కక్కుతది. గందుకే ఎండకాలం అర్ధరాత్రి సుత ఫ్యాను కింద చెమట వోస్తది.

ఒక తప్పు మస్తు మంది చేసిన్రు, మేం సుత చేసినం. మట్టిగోడ పెచ్చులూడుతున్నదని సిమెంటు పూసినం. మట్టిగోడ తడిని పీల్సుకుంటది, మళ్ల ఇడుస్తది. సున్నం పూస్తె ఆ తడి బయటికి పోతది. సిమెంటు పూస్తె తడి లోపల్నే నిలవడి గోడ అడుగున మెత్తవడ్తది. బయటికి గట్టిగనే కనవడ్తది, ఒక పెద్దవానకు కూలుతది. బాగు చేసినమనుకున్న ఇండ్లే ముందుగాల పోవుడు నేను జూసిన.

పాతదని పొగుడుడు నా పని గాదు. ఆ ఇండ్లల్ల వంటర్ర చీకటిగుంటుండె, పొగకు ఆడోళ్ల కండ్లు పోయినయి. బాత్రూం లేదు. ఏటేటా వానకాలం ముందు పెంక సర్దాలె. కోతులు ఊర్లమీద వడ్డంక పెంక సర్దుడు ఎవ్వలతోని గాలె, ఇవ్వాళ సర్దితె రేపు పీకిపారేస్తయి. ఇంకో మాట కూడ చెప్పాలె. దర్వాజకు చెక్కుడు పని జేసిన వడ్రంగి, పెంక కాల్చిన కుమ్మరి, మన్ను తొక్కిన కైకిలోళ్లు, వీళ్లల్ల చానమంది గుడిసెలల్లనే బతికిన్రు. మన్ను తొక్కినోని కాలు ఇల్లు తయారైనంక కడప దాటకపోయేది. దొరల గడీలైతె వెట్టితోని లేసినయి, ఆ ముచ్చట మీ తాతలను అడిగితె చెప్తరు.

అయినా ఒక్కటి సూడుర్రి. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటను బాగు చేస్తె 2022ల యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డు వచ్చింది. మంచిదే. మద్రాసు దగ్గర దక్షిణచిత్ర అనే మ్యూజియంల నల్గొండ దిక్కు ఇక్కత్ నేతగాళ్ల ఇంటిని తీస్కపోయి నిలవెట్టిన్రు. అదీ మంచిదే. కానీ ఊర్లల్ల మిగిలిన మామూలు రైతు ఇల్లు, కంసాలి ఇల్లు, నేతగాని ఇల్లు ఏ లెక్కల లేవు. ఇంగ్లండుల ఒక పాత పల్లె ఇల్లు లిస్టుల ఎక్కిందంటె, అది కొన్నోడు దాని రూపు మారేటట్టు పాత కిటికీ తీసి కొత్తది వెట్టాలన్నా కౌన్సిల్ పర్మిషన్ అడగాలె. అడగకుంట కూలగొడితె నేరం. మన దగ్గర జేసీబీ డ్రైవర్‌ను అడిగితె సరిపోతది.

ఇగ కొనేటోళ్ల కాడికి వద్దాం. కొందరు నిజంగనే ఉందామని కొంటరు. కొందరికి జాగ గావాలె. ఎక్కువమందికి కట్టె గావాలె. మన ఇంటి కంబాలు, దర్వాజలు హైద్రాబాద్ చుట్టూ ఫాంహౌజులల్ల, హోటళ్లల్ల నిలవడ్తున్నయి. తమిళనాడు కారైకుడిల చెట్టియార్ల ఇండ్లు ఇప్పి అమ్మే దుకాణాలు ఒక వీధి నిండ ఉన్నయి. మన దగ్గర వీధి లేదు గనీ యాపారం ఉన్నది.

వాళ్లు వచ్చి గుత్తకు అడుగుతరు. "పాత ఇల్లే గదా, చెదలు పట్టింది, కూలగొట్టే ఖర్చు మాదే" అని ఒక అంకె జెప్తరు. మీరు టేపు వట్టుకొని కొలువుర్రి. వెడల్పు అంగుళాలల్ల, మందం అంగుళాలల్ల, పొడుగు అడుగులల్ల. మూడిటిని గుణించి 144తోని భాగిస్తె ఘనపు అడుగులు వస్తయి. ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల మందం, ఎనిమిది అడుగుల పొడుగున్న కంబం సరిగ్గ రెండు ఘనపు అడుగులు. భవంతికి ఎనిమిది కంబాలుంటె పదహారు. దూలాలు, వాసాలు, దర్వాజలు, అటుక పలకలు వేరే. అన్ని గలిపి, దగ్గర్ల ఉన్న రెండు మూడు సామిల్లులల్ల పాత టేకు ధర అడుగుర్రి. అప్పుడు తెలుస్తది వాడు జాగకు పైసలిస్తున్నడా, కట్టెకే సరిపోని పైసలిచ్చి జాగ ఉత్తగ తీస్కుంటున్నడా అని. లారీ ఎక్కియ్యకముందు ఫారెస్టోళ్లను సుత అడుగుర్రి, లేకుంటె నడితొవ్వల ఆపుతరు.

కాయిదాల సంగతి ఇంకా గమ్మతుంటది. ధరణి, భూభారతి అని మనం రోజూ వినే లొల్లి ఎక్కువగ సాగుభూములది. ఊరి నడుమ ఇల్లు గ్రామకంఠంల ఉంటది, దానికి పాసుబుక్కు రాదు. పంచాయతీ ఇంటి నంబరు, పన్ను రసీదు, కరెంటు బిల్లు ఉంటయి. పన్ను రసీదు ఉంటె ఇల్లు మనదే అనుకుంటం. పన్ను కట్టినట్టు మాత్రమే అది రుజువు, హక్కుకు రుజువు గాదు. అట్లనే నూరు రూపాయల స్టాంపు కాయిదం మీద రాస్కుంటె అమ్మినట్టు గాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం లెక్క, వంద రూపాయలు, అంతకు మించి ఇలువున్న ఇల్లూ జాగల అమ్మకం రిజిస్ట్రీ కావాల్సిందే. కొనే పోరగాండ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల ఈసీ తీయుర్రి, పంచాయతీల ఆ నంబరు ఎవరి పేరు మీదున్నదో సూడుర్రి, పెద్దమనిషి సచ్చిపోతె వారసులెవ్వలో తాసిల్దార్ ఇచ్చే కాయిదం అడుగుర్రి.

ఆ వారసుల కాయిదంలనే అసలు లొల్లి. ఆడిబిడ్డల పేర్లు.

నాయిన సొంతంగ కట్టిన ఇల్లయి, వీలునామా రాయకుంట కాలం జేస్తె, 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే బిడ్డకు, భార్యకు, తల్లికి కొడుకుతోని సమాన పాలు. కానీ అదే చట్టంల 23వ సెక్షన్ అని ఒకటి పెట్టిన్రు. కుటుంబం ఉంటున్న ఇంటిని పంచాలె అని ఆడిబిడ్డ అడగొద్దు, మొగోళ్లు పంచుకుంటె అప్పుడు తీస్కోవాలె. అంటె పాలు ఉన్నది, అడిగే నోరు లేదు. 2005ల ఆ సెక్షన్ తీసేసిన్రు. తాతల ఆస్తిల సుత ఆ ఏడు సెప్టెంబర్ 9 నుంచి బిడ్డకు కొడుకుతోని సమాన హక్కు ఇచ్చిన్రు. అప్పటికి నాయిన బతికి ఉండాల్నా అని కోర్టులల్ల ఏండ్లకేండ్లు నడిచింది. ఉండకున్నా హక్కు ఉంటదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసుల సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబర్ 20 కంటె ముందు రిజిస్ట్రీ అయిన పంపకాలను మాత్రం కదిలియ్యరు. ముస్లింలకు, క్రిస్టియన్లకు వేరే చట్టాలున్నయి, వాటిల్ల సుత ఆడిబిడ్డకు పాలు ఉన్నది. పాలు ఇడిసిపెడుతున్న అని ఆమె అన్నా, అది రిజిస్ట్రీ అయిన కాయిదం మీద ఉండాలె. పెండ్లికి కట్నమిచ్చినం, పండుగకు చీర పెడుతున్నం అనేటివి ఏ ఆఫీసుల నడువయి.

ఇదంత చెప్తున్న నేను ఏం జేసిన్నో సుత చెప్పాలె. మా తాత కట్టిన ఇల్లు అమ్మేటప్పుడు కాయిదం వట్టుకొని మా మేనత్త ఊరికి వోయింది నేనే. అప్పటికే మీటింగులల్ల ఆడోళ్ల హక్కుల మీద మాట్లాడేటోన్ని. "జర ఏలు పెట్టు అత్తా, మస్తు అవసరం వడ్డది" అన్న. ఆమె ఎంతకు అమ్మిన్రని అడగలే. ఏలు పెట్టి, చేతికంటిన సిరా కొంగుకు తుడ్సుకుంట, "దర్వాజ సుత ఇచ్చిన్రా?" అని ఒక్కటే అడిగింది. ఆమె ఆ ఇంట్లనే పుట్టింది, ఆ దర్వాజ కాన్నుంచే అత్తగారింటికి వోయింది. ఇచ్చినం అన్న. చాయ్ వోసింది, తాగి వచ్చిన.

కొన్నాయన రెండు రోజులల్ల కట్టె ఇప్పుకొని వోయిండు. గోడలు ఆ వానకాలమే కరిగిపోయినయి. గిప్పుడు ఆడ సర్కారు తుమ్మ మొలిచింది, ఆయన ఏం కట్టలే. పేరు మార్పిచ్చుకోవాల్నని ఎవ్వలకు యాదికి రాలే. ఇంటి పన్ను నోటీసు ఇప్పటికి మా నాయిన పేరు మీదనే వస్తది.