పాత ఎలక్ట్రిక్ కిల్న్ వేడెక్కట్లేదా? ఎలిమెంట్లు మార్చే ముందు ఇవి తెలుసుకోండి

కుమ్మరి ఆవం గురించి మీరు వినే ఉంటారు. కుండలు పేర్చి, కట్టెలు, పిడకలు వేసి కాలుస్తారు కదా, అదే పని కరెంటుతో చేసే పెట్టెనే ఎలక్ట్రిక్ కిల్న్ అంటాం. కొత్తది కొనాలంటే ఖరీదు. అందుకే పాటరీ నేర్చుకుని సొంతంగా మొదలుపెట్టేవాళ్ల చూపు సెకండ్ హ్యాండ్ మీద పడుతుంది. తీరా ఇంటికి తెచ్చాక, రాత్రంతా కాల్చినా 1000 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. గ్లేజ్ సరిగ్గా కరగదు, కప్పులన్నీ గరుకుగా వస్తాయి. ఇచ్చిన ఆర్డర్ పాయె! మరి కిల్న్ పాత ఇనుముకి వేసేయాలా? ఆగండి, చాలాసార్లు అక్కర్లేదు.

ముందు ప్రాణం సంగతి. మీ ఇంట్లో గీజర్ ఎలిమెంట్‌కి పైన లోహపు గొట్టం ఉంటుంది. కిల్న్‌లో అలా కాదు, కరెంటు పారే తీగే బయటికి ఉంటుంది. పైగా కొన్ని పాత కిల్న్‌లలో స్విచ్ ఒక్క వైరునే కట్ చేస్తుంది. అంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా తీగలో కరెంటు ఉండొచ్చు. కాబట్టి స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్ పీకాలి. ప్లగ్ లేకుండా నేరుగా వైరింగ్ చేసి ఉంటే మెయిన్ ఆపి, టెస్ట్ చేశాకే చెయ్యి పెట్టాలి. వైరింగ్ రాకపోతే పక్కన ఎలక్ట్రీషియన్ ఉండాల్సిందే. ఇందులో మొహమాటం వద్దు.

ఇప్పుడు అసలు విషయం. ఈ తీగ మామూలు ఇనుము కాదు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రమం. కాంతాల్ అనే పేరుతో దొరుకుతుంది. వేడెక్కగానే దీని మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. ఆ పొరే తీగకి రక్ష. అయితే ఫైరింగ్ చేసిన ప్రతిసారీ తీగ కొంచెం కొంచెం అరుగుతుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది. రెసిస్టెన్స్ పెరిగితే పవర్ తగ్గుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. వోల్టేజీని వోల్టేజీతో గుణించి, రెసిస్టెన్స్‌తో భాగిస్తే వాట్లు వస్తాయి. మన కరెంటు 230 వోల్టులు. కొత్త ఎలిమెంట్ 23 ఓములు ఉందనుకోండి, 2300 వాట్లు ఇస్తుంది. పాతబడి 25.3 ఓములు అయితే? సుమారు 2090 వాట్లే. రెసిస్టెన్స్ 10 శాతం పెరిగింది, 210 వాట్లు పోయాయి. 700 డిగ్రీల దాకా ఇది మీకు తెలియకపోవచ్చు. పైకి వెళ్లేకొద్దీ గోడల్లోంచి పోయే వేడి పెరుగుతుంది కాబట్టి అక్కడ చతికిలబడుతుంది.

కాబట్టి మల్టీమీటర్ తీసుకోండి. ఎలిమెంట్ కనెక్షన్ విప్పి, ఒక్కోదాన్నీ విడిగా కొలవండి. విప్పకుండా కొలిస్తే, ప్యారలల్‌లో ఉన్న రెండు 23 ఓముల ఎలిమెంట్లు కలిసి 11.5 చూపిస్తాయి, మీరు కంగారు పడతారు. మీటర్ అసలేమీ చూపకపోతే తీగ తెగినట్టే. అన్నీ బాగానే ఉంటే తప్పు రిలేలోనో, థర్మోకపుల్‌లోనో, లూజ్ కనెక్షన్‌లోనో ఉండొచ్చు. కొలవకుండా ఎలిమెంట్లు కొంటే డబ్బు దండగ.

తెగిన చోట రెండు కొసలూ మెలేసి నడిపిద్దాం అంటారు కొందరు. వద్దు. ఆ ఆక్సైడ్ పొర కరెంటును పోనివ్వదు. అతుకు దగ్గర కాంటాక్ట్ సరిగ్గా ఉండక, నిప్పురవ్వలు వచ్చి మళ్లీ అక్కడే కాలిపోతుంది. మార్చడమే మేలు. అన్నీ ఒకే వయసువైతే సెట్ మొత్తం మార్చండి. ఒక్కటే కొత్తది వేస్తే కిల్న్‌లో ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కాలుతుంది.

పాత తీగ తీసేటప్పుడు వంచితే పుల్లలా పుటుక్కున విరుగుతుంది. ఒకసారి బాగా కాలాక అది పెళుసైపోతుంది. ముక్కలు కళ్లలో పడకుండా కళ్లజోడు, దుమ్ముకి ఎన్95 మాస్క్ పెట్టుకోండి. ఇటుక గాడిలో గ్లేజ్ చుక్కలు కారి గట్టిపడి ఉంటే గీకి తీసేయండి. ఆ గ్లేజ్ కొత్త తీగ రక్షణ పొరని కూడా తినేస్తుంది.

కొత్త కాయిల్‌ని గాడి పొడవు కొలిచి, అంతటా సమానంగా సాగదీయండి. చుట్లు ఒకచోట దగ్గరగా ఉంటే అక్కడ వేడి ఎక్కువై ముందు అక్కడే పోతుంది. ఎక్కువ సాగదీస్తే మళ్లీ దగ్గరికి నొక్కడం కష్టం, కాబట్టి కొంచెం కొంచెంగా లాగండి. మూలల్లో పిన్నులు గుచ్చి నిలపండి. ఆ పిన్నులు కూడా అదే రకం తీగవి అయ్యుండాలి. టెర్మినల్ స్క్రూలు గట్టిగా బిగించండి. పాత కనెక్టర్ నల్లగా మాడి ఉంటే మళ్లీ వాడకండి.

చివరగా, మొదటి ఫైరింగ్ ఖాళీ కిల్న్‌తోనే. గాలి రంధ్రం తెరిచి, మెల్లగా సుమారు 1050 డిగ్రీల దాకా తీసుకెళ్లండి. రక్షణ పొర బాగా ఏర్పడేది అప్పుడే. చల్లారాక ఓములు కొలిచి, తేదీతో సహా కిల్న్ తలుపు మీద రాసి అంటించండి. ఆర్నెల్లకోసారి మళ్లీ కొలిచి పోల్చుకుంటే, ఎలిమెంట్ ఎప్పుడు మార్చాలో ముందే తెలుస్తుంది. ఆర్డర్ మధ్యలో కిల్న్ మొండికేయదు.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. ప్లగ్ పీకాకే పని, గుర్తుంది కదా? మళ్లీ కలుద్దాం.