పిల్లలమర్రి గుడులను చదువుట ఎట్లు?

కాకతీయుల చరిత్ర అనగానే విద్యార్థికి ఓరుగల్లు కోట, గణపతిదేవుడు, రుద్రమదేవి జ్ఞప్తికి వస్తారు. ఆ రాజ్యం పల్లెలో ఎట్లుండెనో తెలిసికొనుటకు మాత్రం సూర్యాపేటకు కొద్ది మైళ్ల దూరంలోని పిల్లలమర్రికి పోవలెను. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు ఆ గ్రామంలో శివాలయాలు కట్టించినారు. నామిరెడ్డి పేర వెలసినది నామేశ్వరాలయం. బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో కట్టించినది ఎరకేశ్వరాలయం. కట్టించిన వారి పేరే దేవునికి పెట్టుట ఆనాటి ఆచారం. రాజుల జాబితాలో చోటులేని ఒక స్త్రీ పేరు ఎనిమిది వందల సంవత్సరాల తరువాతను వినబడుచున్నదంటే, అది ఆ రాతికట్టడం చేసిన మేలే. 1213 నాటి రామప్పగుడిని కట్టించిన రేచర్ల రుద్రుడూ ఈ వంశంవాడే. ఆ గుడిని 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో గుర్తించినది.

గుడిని చూచుట వేరు, చదువుట వేరు. చదువదలచినవాడు ముందు నేలను చూడవలెను. ఎత్తైన రాతి అరుగుమీద ఆలయం నిలిచి ఉంటుంది. మెట్లెక్కగానే రంగమండపం, దాని వెనుక ఇరుకైన అంతరాళం, ఆపైన చీకటి గర్భగృహం. బయటినుండి లోపలికి పోనుపోను చోటు తగ్గును, వెలుగు తగ్గును, అడుగుపెట్టదగినవారి సంఖ్యయు తగ్గును. మండపం ఊరందరిది. ఆటపాటలు జరిగినది అక్కడనే. కాకతీయుల మండపాలలో అంచువెంట రాతి ఆసనాలుండుట దీనికి సాక్ష్యం. నిలువలేని ముసలివారు కూర్చుండుటకు సైతం శిల్పి చోటు విడిచినాడు.

తరువాత స్తంభాలను చూడవలెను. గోడలకు వాడినది మన ప్రాంతపు గట్టిరాయి. స్తంభాలకు, ద్వారబంధాలకు వాడినది సన్నని పొడిగల నల్లరాయి. ఈ నల్లరాతిని అద్దంవలె నునుపు చేయవచ్చును, నగిషీ చెక్కవచ్చును. రాతి దూలానికి ఒక లోపం కలదు. పొడవు మించినచో అది తన బరువుకే నడుమ విరుగును. కనుకనే స్తంభాలను దగ్గర దగ్గరగా నిలిపినారు. నాలుగు స్తంభాల నడిమి చోటును కప్పుటకు మూలలమీద అడ్డురాళ్లు పేర్చి, చతురస్రంలో చతురస్రంగా కుదించుకొనుచు, చివరకు ఒక్క పలకతో మూసినారు. మనం అందమని మెచ్చుకొను ఆ కప్పు నిజానికి ఒక లెక్కకు జవాబు. గణితోపాధ్యాయుడు తన విద్యార్థులను అక్కడికి తీసికొనిపోయినచో నల్లబల్లతో పనిలేదు.

ఇదే కాలంలో ఇంగ్లండు పల్లెలలోనూ రాతి చర్చీలు లేచినవి. అక్కడి ఏర్పాటు మన కన్నులకు కొత్తగా తోచదు. తూర్పుకొసన గురువు పూజచేయు పవిత్రస్థలం, పడమట జనం నిలుచు పొడవైన శాల, రెంటి నడుమ ఒక తెర. ముసలివారికోసం గోడవెంట రాతి అరుగులు అక్కడ కూడ ఉండెడివి. భేదం కప్పులో ఉన్నది. వారు మొనదేలిన కమానుతో బరువును పక్కలకు నెట్టి, కిటికీలు పెంచి, వెలుగును లోనికి పిలిచినారు. మనవారు దూలంతో బరువును నిటారుగా నేలకు దింపి, చల్లని నీడను కాపాడుకొన్నారు. చలిదేశపు భక్తునికి వెలుగు వరం; ఎండదేశపు భక్తునికి నీడ వరం.

ఇంతకంటె ముఖ్యమైన భేదం పోషణలో ఉన్నది. ఇంగ్లండులో పదమూడవ శతాబ్ది నాటికే పవిత్రస్థలం మరమ్మతు గురువుదనియు, జనశాల మరమ్మతు ఊరివారిదనియు ఆచారం స్థిరపడినది. ఊరివారు పెద్దలను ఎన్నుకొని, చందాలు వసూలుచేసి, జమాఖర్చులు వ్రాయించినారు. మన గుడులకు ఆధారం మాన్యం. దీపానికి, నైవేద్యానికి, వాయిద్యగాండ్రకు ఇంత భూమి అని శాసనంలో చెక్కించినారు. ఆ భూమిని తడుపుటకు చెరువు కావలెను. సప్తసంతానాలలో ఆలయంతోపాటు తటాకాన్ని మన పూర్వులు లెక్కించుట ఊరక జరిగినది కాదు. ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉన్నది. మాన్యం చేజారినప్పుడు, చెరువు పూడినప్పుడు, గుడి దిక్కులేనిదగును. దాత చేసిన ఏర్పాటు ఎంత గట్టిదైనను, ఊరు తనదనుకొననిదే అది నిలువదు.

1914లో నిజాం రాజ్యంలో పురావస్తుశాఖ ఏర్పడి, గులాం యజ్దానీ దాని మొదటి అధిపతియైన తరువాత తెలంగాణపు కట్టడాలకు, శాసనాలకు ఒక సంరక్షణ కలిగినది. శాఖ శాసనాన్ని అచ్చువేయగలదు, పడిన రాతిని నిలుపగలదు. స్తంభంమీద మేకుతో పేరు గీయు చేతిని ప్రతిదినం ఆపలేదు. పిల్లలమర్రి నామేశ్వరాలయంలో కాకతీయుల కాలపు సముద్రమథన చిత్రపు ఆనవాళ్లున్నవి. ఆ యుగపు చిత్రాలు మనకు మిగిలినవే బహుస్వల్పం. రాయి దెబ్బను ఓర్చుకొనును; రంగు పొగను గాని, సున్నపు పూతను గాని ఓర్చుకొనలేదు.

ఇట్టి పాఠాలు పిల్లలమర్రితో ముగియవు. సూర్యాపేట ప్రాంతంలోనే నాగులపాడు త్రికూటాలయం ఉన్నది. కోదాడ వైపువారికి మేళ్లచెరువు శంభులింగేశ్వరాలయం, మిర్యాలగూడ వైపువారికి కృష్ణా మూసీ సంగమాన వాడపల్లి ఆలయాలు దగ్గర. ఏ పాఠశాల పిల్లలైనను తమకు దాపుననున్న గుడికి ఒక కొలతాడు, ఒక కాగితం తీసికొనిపోయి, అరుగు ఎత్తు, స్తంభాల ఎడం, ద్వారపు వెడల్పు కొలిచి పటం గీయవచ్చును. తన చేతితో కొలిచిన స్తంభంమీద ఏ బాలుడును మేకుతో గీయడు. ఎరకసానమ్మ గుడికి ఈనాడు కావలసిన మాన్యం అదియే.