సర్దుబాటు వేరు... సర్దుకుపోవడం వేరు!

‘‘కొంచెం సర్దుకోండమ్మా!’’ బస్సులో ఈ మాట వినని వాళ్ళుంటారా? ముగ్గురి సీటులో నాలుగో మనిషి కూర్చోవడానికి ఆ ఒక్క మాట చాలు. ఆలోచిస్తే మన రోజంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పెట్టెలో బట్టలు సర్దుతాం. పిల్లల తగువులు సర్దిచెబుతాం. నెలాఖరున చేబదులు సర్దుబాటు చేసుకుంటాం. చెప్పాపెట్టకుండా చుట్టాలొస్తే ఇద్దరికి వండిన కూర నలుగురికి సర్దేస్తాం.

ఉత్తరాది వాళ్ళు దీన్నే ‘జుగాడ్’ అంటారు. ఉన్నదాంతో అప్పటికప్పుడు పని జరిపించడమన్న మాట. నీళ్ళు తోడే డీజిల్ ఇంజన్ని చెక్కబండికి బిగించి రోడ్డెక్కిస్తే ఆ బండికీ అక్కడ అదే పేరు. 2012లో ‘జుగాడ్ ఇన్నోవేషన్’ అని ఇంగ్లీషులో పుస్తకమే వచ్చింది. పెద్ద కంపెనీలు నేర్చుకోవాల్సిన విద్య ఇదేనని అందులో చెప్పారు. మరి తోడు లేనప్పుడు గోరువెచ్చని పాలలో మిరపకాయ తొడిమలు వేసి పెరుగు చేసిన మన అమ్మమ్మలకి ఆ పాఠం ఎవరు చెప్పారంటారు?

మా అచ్యుతాపురం ఆడవాళ్ళకి ఈ విద్య ఎంత బాగా వచ్చో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటాక కళ్ళారా చూశాను. రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు లేదు, మిక్సీ లేదు. మూలన పడ్డ రోలు వాకిట్లోకొచ్చింది. కూలిన చెట్ల కొమ్మలే ఆరబెట్టుకుని, మూడు రాళ్ళ పొయ్యి మీద నాలుగిళ్ళ వాళ్ళం వంతులేసుకుని వండుకున్నాం.

అయితే ఇదే మాట ఇంకోలా కూడా వినబడుతుంది. అత్తారింట్లో పేచీ వస్తే ‘సర్దుకుపోవాలమ్మా’. జీతం తక్కువంటే ‘సర్దుకో’. నడుం నొప్పంటే ‘ఆడపుట్టుక, తప్పుతుందా?’ చేతికున్న నేర్పు కాస్తా నోరు మూయించే మాటైపోయింది!

ఈ రెండింటికీ తేడా తెలియాలంటే తెలంగాణలో ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారి కథ వినాలి. పోచంపల్లి చీర నేసేముందు ఆసు పోయాలి. అంటే వరసగా ఉన్న చీలల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్కో చీరకి దాదాపు 9 వేలసార్లు చెయ్యాడాలి. ఇంట్లో ఆడవాళ్ళ పనే అది. వాళ్ళమ్మ లక్ష్మి గారికి భుజాలు లాగేసేవి. తరతరాలుగా అందరూ సర్దుకుపోయిన ఆ నొప్పిని కొడుకు మాత్రం సరిపెట్టుకోలేదు. ఇంజనీరింగు చదవకపోయినా, తోచిన ఉపాయాలతో 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. గంటల తరబడి పట్టే పని గంటన్నరకి దిగింది. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

మళ్ళీ మా ఊరి సంగతికొస్తాను. ఇక్కడ సెజ్ వచ్చాక దుస్తుల ఫ్యాక్టరీల్లో వేలమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారు. మా పక్క వాటాలో నలుగురున్నారు. ఒకటే గది, ఒకటే గ్యాస్ పొయ్యి. పొద్దుటి షిఫ్టు వాళ్ళకి మిగతావాళ్ళు రాత్రే కూరలు తరిగిపెడతారు. చూస్తే ముచ్చటేస్తుంది. కానీ 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి, ఈ సెజ్‌లోనే విషవాయువు సోకి పెద్దసంఖ్యలో మహిళా కార్మికులు వాంతులతో, కళ్ళు తిరిగి ఆసుపత్రి పాలయ్యారు. ఘాటు వాసన వస్తుంటే ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని పని చేసుకుపోవడం సర్దుబాటు అనిపించుకోదు. వెంటనే బయటికి రావాలి. వాసన ఎక్కడిదో నలుగురూ కలిసి అడగాలి.

అందుకే ‘సర్దుకో’ అన్న మాట వినపడగానే నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. దీనివల్ల ఎవరి కష్టం తగ్గుతుంది? ఎవరి ఒళ్ళు హూనమవుతుంది? ఇలా ఎన్నాళ్ళు? తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకోవచ్చు, ఇల్లు చేరేదాకా. పగిలిన గ్యాస్ ట్యూబుకి గుడ్డ చుట్టడం మాత్రం ఒక్క పూటకైనా పనికిరాదు. మార్పించాల్సిందే.

మీ అమ్మాయికి తోడు లేకుండా పెరుగు చేసే ఉపాయం తప్పకుండా నేర్పండి. దాంతోబాటే, అవసరమైనచోట ‘దీనికి మాత్రం నేను సర్దుకోను’ అనడం కూడా నేర్పండి.